పాడేది, నేసేది, నవ్వేది

వరంగల్ సుబేదారిలోని సునీత ఇంటికి శ్యామలమ్మ రెండోసారి వచ్చింది ఉత్తరం చదివించుకోవడానికి కాదు, ఫ్రెంచి నేర్చుకోవడానికి.

సునీత జూనియర్ కాలేజీలో ఫ్రెంచి లెక్చరర్. శ్యామలమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. వారం కిందట, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొని సునీతను వెతుక్కుంటూ వచ్చింది.

రాసింది క్లేర్ అనే అమ్మాయి. ఇరవై నాలుగేళ్లు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఇక్కడి ఒక అనాథాశ్రమం నుంచి ఫ్రాన్స్ దంపతులు పెంచుకోవడానికి తీసుకెళ్లారు. పుట్టిన నెలకే తల్లి జ్వరంతో చనిపోయిందనీ, తల్లి అక్క శ్యామలమ్మ సంతకం పెట్టి పిల్లను అప్పగించిందనీ కాగితాల్లో ఉందట. వచ్చే నెల వరంగల్ వస్తున్నానని, అమ్మ ఎలా ఉండేదో పెద్దమ్మ నోట వినాలని ఉందని రాసింది.

చివర ఇలా ఉంది. "బడిలో పిల్లలు, మీ అమ్మ నిన్ను వదిలేసిందని ఏడిపించేవాళ్లు. వదిలేయలేదు, చనిపోయింది అనేదాన్ని. ఆ ఒక్క మాట పట్టుకొనే ఇంతదాన్నయ్యాను."

ఆ ముక్క శ్యామలమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఉత్తరం మడిచి తీసుకుపోయింది.

ఇప్పుడొచ్చి ఫ్రెంచి నేర్పమంటోంది. నేను పక్కనుండి తెలుగులోంచి ఫ్రెంచిలోకి చెప్తాను కదా అని సునీత అంటే ఒప్పుకోలేదు.

"పిల్ల అంత దూరం నుంచి వస్తాంది మేడం. వాళ్లమ్మ ముచ్చట మధ్యల ఇంకొకరెందుకు? నా నోటితోనే చెప్త."

నెలలో భాష రాదు. కానీ ఒక్క కాలం నేర్పొచ్చు అనుకుంది సునీత. దాన్ని ఇంపార్ఫే అంటారు. అప్పట్లో ఎలా ఉండేది, ఏం చేస్తుండేది అని చెప్పుకోవడానికి పనికొచ్చే భూతకాలం. తయారు చేయడం కష్టం కాదు. 'మేము' రూపం తీసుకోవాలి. చివరి 'ఓన్' తీసేయాలి. 'ఏ' తగిలించాలి. 'ను షాంతోన్' అంటే మేము పాడతాం. 'ఎల్ షాంతే' అంటే ఆమె పాడేది. 'ను తిస్సోన్' అంటే నేస్తాం. 'ఎల్ తిస్సే' అంటే నేసేది. 'ఉండు' ఒక్కటే ఆ లెక్కకు లొంగదు. దాన్ని ఉన్నదున్నట్టు బట్టీ పట్టాలి.

శ్యామలమ్మ రోజూ మగ్గం దిగి సాయంత్రం ఐదింటికల్లా వచ్చేది. మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకునేది. రాయడంలో తేడా ఉన్నా, నేను పాడేదాన్ని అన్నా ఆమె పాడేది అన్నా క్రియ ఒకేలా వినిపిస్తుందని సునీత చెబితే, ఆ రెండూ పక్కపక్కనే రాసుకొని మళ్లీ మళ్లీ పలికి చూసుకుంది.

ఒక్క తప్పు మాత్రం మళ్లీ మళ్లీ చేసేది. 'షాంతే' అనాల్సిన చోట 'షాంత్' అనేది. పాడేది అనకుండా పాడుతుంది అని.

"లేని మనిషి గురించి అట్ల అనొద్దక్కా," అని సునీత మెల్లగా దిద్దేది. పోయినవాళ్లను పోయారని ఒప్పుకోవడానికి పాతికేళ్లు కూడా చాలవేమో అనిపించేది ఆమెకు.

చివరి వారం సునీత ఒక ముఖ్యమైన వాక్యం చెప్పబోయింది. చనిపోయింది అనడానికి ఇంపార్ఫే పనికిరాదు. ఒక్కసారి జరిగి అయిపోయినదానికి వేరే భూతకాలం ఉంది. 'ఎలె మోర్త్' అనాలి.

శ్యామలమ్మ పుస్తకం మూసేసింది.

"అది నాకొద్దు మేడం. పిల్లకు తెలిసిన మాటే గదా."

క్లేర్ వచ్చింది. సునీత ఇంట్లోనే కలుసుకున్నారు. ఎండకు కందిన చామనఛాయ మొహం, పొట్టి జుట్టు, ఒళ్లో ఫైలు. శ్యామలమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చి, ఎదురుగా కూర్చుంది. పుస్తకం చూడకుండా ఒక్కో వాక్యం చెప్పింది. పాడేది. నేసేది. ఊరికే నవ్వేది. చింతకాయ తొక్కంటే పడి చచ్చేది. భయస్తురాలు. అప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. పెళ్లి కాలేదు. నిన్ను చూస్తూ కూర్చునేది. క్లేర్ పెదవులు కదుపుతూ ప్రతి మాటా తనలో తాను మళ్లీ అనుకుంటోంది.

తర్వాత ఆమె ఏదో అడిగింది. అది పాఠాల్లో లేదు. నాకు అమ్మ ఏమైనా పేరు పెట్టిందా అని సునీత తెలుగులో చెప్పింది.

శ్యామలమ్మ కళ్లు మూసుకుంది. మొదటి రోజు పాఠంలో మా పేరు ఫలానా అని చెప్పడానికి వచ్చిన 'అప్లోన్', అంటే పిలుస్తాం అన్నది, గుర్తు తెచ్చుకున్నట్టుంది. 'ఓన్' తీసేసింది. 'ఏ' తగిలించింది.

"ఎల్ తప్లే బంగారి," అంది.

నిన్ను బంగారీ అని పిలిచేది. ఒక్క తప్పు లేదు.

క్లేర్ కుర్చీలోంచి లేచి ఆమెను కావలించుకొని ఏడ్చింది. అమ్మకు అక్కను తెలుగులో ఏమంటారో సునీతను అడిగి తెలుసుకొని, "పెద్దమ్మా," అని పిలిచింది. శ్యామలమ్మ ఆ పిల్ల వీపు నిమురుతూ, ఇంకోసారి అనమని సైగ చేసింది. క్లేర్ మళ్లీ అంది.

గంట తర్వాత కారు వచ్చి ఆమెను తీసుకెళ్లింది. శ్యామలమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. సునీత వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"నీ చెల్లె ఉంటే, ఈ పిల్లను చూసి ఎంత సంబురపడేదో అక్కా."

శ్యామలమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నాకు చెల్లె లేదు మేడం, మా అవ్వ కన్నది నన్నొక్కదాన్నే."