పిల్లల వార్డు లైను

"ఏటమ్మా, మళ్లీ ఆగిపోయిందా?"

కంప్యూటర్ పెట్టెలో తల దూర్చి చూస్తున్న ఛాయ ఉలిక్కిపడింది.

బ్లడ్ బ్యాంకు గుమ్మంలో నేత చీర కట్టుకున్న ఒక నడివయసామె నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచీ వరండాలో తచ్చాడుతూ తొంగి చూస్తోంది ఆమే.

"కార్డు దొరకట్లేదు పిన్నీ. అంటే, పెట్టాను గానీ మిషన్‌కి కనపడట్లేదు."

"సీకటిగా ఉన్నాది కదా. టార్చి నాను పట్టుకోనా?"

ఛాయకి నవ్వొచ్చింది. టార్చి ఇచ్చింది.

ఎనభై ఎనిమిదిలో భిలాయిలో కంప్యూటర్లు బిగించే ఉద్యోగం చేసే ఆడపిల్లలు అరుదు. ఛాయ పుట్టింది, చదివింది అక్కడే. కంపెనీలో చేరాక ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఇది.

కంప్యూటర్ ఒకటే. దానికి కొత్తగా బిగించిన కార్డులోంచి ఎనిమిది తీగలు ఎనిమిది వార్డులకి వెళ్లాయి. తీగ చివర ఒక తెర, ఒక కీబోర్డు. ఏ గ్రూపు రక్తం ఉందో సిస్టర్లు వార్డులో కూర్చునే చూసుకోవచ్చు. అయితే కంప్యూటర్‌ని నడిపించే యూనిక్స్‌కి ఆ కార్డు సంగతి ముందు తెలియజెప్పాలి. కార్డు మీద పెట్టిన నంబరు, సిస్టమ్‌లో రాసిన నంబరు ఒకటే కావాలి. ఆ నంబరు ఇంకెవరిదీ కాకూడదు.

"అర్థమైంది!" ఛాయ కేక పెట్టింది. "ప్రింటర్‌దీ, దీనిదీ ఒకే నంబరు. దోనోం లడ్ రహే హైఁ, రెండూ కొట్టుకుంటున్నాయి."

"అయితే ఒకదాన్ని పక్క సీట్లో కూకోబెట్టు."

సరిగ్గా అదే చేసింది. కార్డు మీది బుల్లి స్విచ్చులు జరిపి, సిస్టమ్‌లో కొత్త నంబరు రాసి, మిషన్ ఆపి మళ్లీ వేసింది. ఒక్కొక్క వార్డూ తిరిగి చూసి వచ్చింది. అన్నిచోట్లా తెరల మీద అక్షరాలు నిలబడి ఉన్నాయి.

ఒక్క పిల్లల వార్డులో తప్ప. అక్కడ తెర నిండా పిచ్చి గీతలు.

బ్లడ్ బ్యాంకు డాక్టరు వాసుదేవరావు గారు వచ్చి చూశారు.

"ఏడు పనిచేస్తున్నాయిగా, చాలమ్మా. రేపు పొద్దున్నే మొదలుపెట్టేద్దాం. అది వరండా చివర ఎక్కడో ఉంది. తర్వాత చూసుకోవచ్చు."

ఛాయకి ప్రాణం లేచొచ్చింది. సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

డాక్టరు గారు వెళ్లగానే టార్చి పట్టుకున్నామె ఛాయ దగ్గరకొచ్చింది.

"అదీ సేసీయమ్మా. అది మా పాప వార్డు."

"ఇంకోసారి వస్తాను పిన్నీ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"ఇంకోసారి అంటే ఎప్పుడో ఏటో. ఈరోజే సేసీ తల్లీ."

ఛాయకి చిరాకేసింది.

"ఆస్పత్రి మొత్తానికి మీ పాప ఒక్కతేనా? మీకు మీ పిల్ల తప్ప ఇంకెవరూ అక్కర్లేదా?"

ఆమె అప్పటిదాకా వెలుగుతూనే ఉన్న టార్చిని ఆర్పి, బల్ల మీద పెట్టింది. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు.

ఆ నిలబడ్డ తీరు చూసి ఛాయ సంచీ కింద పెట్టేసింది.

"తీగ బాగా పొడుగు. అంత దూరం అంత జోరుగా పంపితే అక్షరాలు విరిగిపోతున్నాయి. ఆ లైను స్పీడు తగ్గించాలి. ఇక్కడ నేను తగ్గిస్తాను, అక్కడ తెరకి సిస్టర్ తగ్గించాలి. బాగుపడిందో లేదో ఎవరైనా చూసొచ్చి చెప్పాలి."

"నానెల్తాను."

"చదవడం వచ్చా?"

"రాదు. అచ్చరమేదో, గీతేదో తెలీదేటి?"

చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని వరండా వెంట పరిగెత్తింది. ఆయాసపడుతూ తిరిగొచ్చింది.

"గీతలేనమ్మా."

ఛాయ ఇంకాస్త తగ్గించింది. ఆమె మళ్లీ పరిగెత్తింది. స్ట్రెచర్లని తప్పుకుంటూ, తడి గచ్చు మీద జారుతూ వెళ్లింది, వచ్చింది. నెమ్మదిగా నడువు పిన్నీ అని ఛాయ అరిచినా వినిపించుకోలేదు.

ఈసారి వచ్చినప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"నిలబడ్డాయమ్మా! ఒక్కటీ కదల్లేదు!"

ఛాయ చెంపలు నిమిరి, మెటికలు విరిచి, వచ్చినంత వేగంగానే వెళ్లిపోయింది.

తను అన్న మాట ఛాయకి అప్పుడు గుచ్చుకుంది. క్యాంటీన్‌లో బిస్కెట్ ప్యాకెట్ ఒకటి కొని పిల్లల వార్డుకి వెళ్లింది.

సిస్టర్ కనకలత కొత్త తెర ముందు కూర్చుని ఒక్కో అక్షరమే వెతికి నొక్కుతోంది. ఎదురుగా ఒక తండ్రి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉంది! మీ బాబు గ్రూపు ఉంది. సీదా వెళ్లి తెచ్చీ భయ్యా," అంది కనకలత. అతను పరుగందుకున్నాడు.

"సిస్టర్, ఇందాకటి నుంచీ నాకు సాయం చేసిన ఆవిడ..." ఛాయ అడిగింది.

"తాయారమ్మా? ఇప్పుడే ఉతై ఊరి బస్సుకి వెళ్లిపోయింది."

"అయ్యో. పోనీ, వాళ్ల పాప మంచం ఎక్కడ? ఇది ఇచ్చి వెళ్తాను."

కనకలత కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఛాయ వైపు తిరిగింది.

"ఇంకే పాపమ్మా... ఉన్న ఒక్క పిల్లా పోయిన వానాకాలం ఈ వార్డులోనే పోయింది, నెత్తురు ఉందో లేదో అడిగి రావడానికి వాళ్లాయన ఆ వరండా వెంట పరిగెత్తి తిరిగొచ్చేలోపే."