అయిదో రోజు

సమ్మక్క చిన్న రోట్లో వేపాకూ పసుపూ కలిపి నూరుతోంది. పక్క గదిలో ఉండే భాగ్యలక్ష్మి ఎదురుగా కూర్చుని రెమ్మల నుంచి ఆకు దూసి ఇస్తోంది. గోడవైపు తిరిగి పడుకున్న సంతోషి ఆ వాసనకే లేచి కూర్చుంది.

"అమ్మా, ఇయ్యాల పెట్టకే. నిన్న పెట్టిన కాడికే మంట ఆగుతలేదు."

"అమ్మతల్లి పోసిన మొఖం మండక సల్లగుంటదా? కూసో."

"దవాఖానకు పోదామే."

"తల్లి ఇంట్ల ఉండంగ దవాఖాన పేరెత్తుతరా?" సమ్మక్క రోకలి వదిలి చెంపలు వేసుకుంది. "నీళ్లు పోసేదాక నువ్వు గడప దాటద్దు. నీ పుణ్యాన పోపు గూడ పెడ్తలేను. మీ బాపు మూడు దినాల సంది సప్పిడి పప్పు తింటుండు, నోరెత్తిండా?"

"అవ్ బిడ్డా, సూది గీది పొడిపిచ్చుకుంటే తల్లికి కోపమొస్తది," అంది భాగ్యలక్ష్మి తల ఎత్తకుండా.

సూది అన్న మాట ఆమె నోట వినేసరికి సంతోషికి నవ్వు రాబోయింది. పెదవి కదిలితే చెంప చిట్లినట్టయింది.

ఆ చెంపల మీద సూదుల రోలర్ తిప్పింది భాగ్యలక్ష్మే. తన గదిలోనే పరదా కట్టి, దానికి పార్లర్ అని పేరు పెట్టుకుంది. మొటిమల గుంతలు పూడుతాయంది. మూడు దినాలు ఎర్రగుంటది, నాలుగో దినం పొట్టు లేస్తది, అయిదో దినం కొత్త చర్మం, మీ అమ్మకు చెప్పకు లొల్లి చేస్తది, అంది. పర్వత్ పాటియా బజారులో ఫోన్ లైవ్‌లో చీరలు చూపించి అమ్మే దుకాణం వాళ్లు సంతోషిని సోమవారం నుంచి పనికి రమ్మన్నారు. రెండో రోజుకే ముఖమంతా పొక్కింది. తల్లి పోసిందని సమ్మక్క తలుపుకు వేప కొమ్మ కట్టింది. తిట్లు తప్పాయి కదా అని సంతోషి ఊరుకుంది.

ఇవాళ అయిదో రోజు. చెంపల మీద చీము, ఒంట్లో జ్వరం. పొద్దున్నుంచి ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు.

"కన్ను కనిపిస్తలేదమ్మా," అంది సంతోషి.

సమ్మక్క చెయ్యి ఆగింది. భాగ్యలక్ష్మి వైపు చూసింది.

"వాపు వదినా. దిగుతది," అంది భాగ్యలక్ష్మి.

అప్పుడే రాత్రి పాళీ దిగి రాజమల్లు వచ్చాడు. బట్ట నేసే సాంచాల కార్ఖానాలో వాటిని బాగుచేసే మిస్త్రీ అతను. మగవాళ్ల చూపు పడొద్దని సమ్మక్క ఇన్ని రోజులూ అతన్ని ఈ గదిలోకి రానివ్వలేదు, వంటగదిలోనే పడుకోబెట్టింది. కన్ను అన్న మాట చెవిన పడి నేరుగా లోపలికి వచ్చాడు. కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పాడు. ఎండిన పసుపు కింద చుక్కలు. చుక్క తర్వాత చుక్క, ఒకటే ఎడం, వరుస కింద వరుస.

"ఇది తల్లి గాదు," అన్నాడు. "తల్లి పోస్తే చెదురుగ ఉంటది. ఇవి టెంపుల్ పోట్లు."

"నేను గదే అంటున్న. గుడికి మొక్కుదామనే."

"గుడి గాదే. సాంచ మీద బట్ట అంచును సాగదీసి పట్టే ముళ్ల రింగులు. దాన్ని మేం టెంపుల్ అంటం. బట్టకు గూడ గిట్లనే వరుసగ పోట్లు పడ్తయ్..."

మాట మధ్యలో ఆగిపోయాడు. కూతురి గడ్డం మీది నుంచి చెయ్యి తీసేశాడు. భాగ్యలక్ష్మి ఆకు దూయడం ఆపింది.

"బట్ట సంగతి సరే. పిల్ల మొఖం మీదికి సాంచ ఎట్లొస్తదయ్యా?"

సంతోషే చెప్పింది.

"భాగ్యత్త రోలర్ తిప్పిందమ్మా. గుంతలు పోతయంటే నేనే తిప్పిచ్చుకున్న."

సమ్మక్క భాగ్యలక్ష్మి ఒడిలోని రెమ్మలను చూసింది.

"మూడు దినాల సంది నా ఎదురుంగ కూసోని ఆకు దూసిస్తున్నవు గదనే," అంది మెల్లగా. "నా బిడ్డ కన్ను పోతుంటే ఆకు దూసిస్తున్నవు." భర్త వైపు తిరిగింది. "చూస్తున్నవేంది? జుట్టు వట్టి బయటికి గుంజు దీన్ని."

రాజమల్లు కదల్లేదు.

"అన్న నన్నెట్ల గుంజుతడు వదినా?" భాగ్యలక్ష్మి లేచి నిలబడింది. ఒడిలోని ఆకంతా నేల మీద పడింది. "కంపెనీది కొనే తాకతు నాకేడిది? పాత సాంచలకెళ్లి తీసేసిన రింగులు కట్టెకు గుచ్చి తెచ్చిచ్చింది అన్ననే. ఒకలకు వాడింది ఇంకొకలకు వాడొచ్చునా అనడిగితే, కిరసనాయిల్ల కడుగు, ఏం గాదన్నడు. నా ఒక్కదానికేనా? ఉధ్నా దిక్కు ఇంకో మూడు పార్లర్లకు చేసిచ్చిండు."

గది కింద ఉన్న కార్ఖానాలో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ అదురుకు రోట్లో రోకలి సన్నగా కదులుతోంది.

సంతోషి తెరుచుకున్న ఒక్క కంటితో తండ్రిని చూసింది.

"మొఖాల మీద తిప్పుతరని ఎరుకేనా బాపూ?"

రాజమల్లు తల వంచుకున్నాడు.

"నీ మొఖమని ఎరుక లేదు బిడ్డా," అన్నాడు.

సంతోషి చున్నీ తీసి ముఖం చుట్టూ చుట్టుకుంది. గోడ పట్టుకుని లేచి, ఒక్కతే దవాఖానకని గడప దాటింది.