పనయ్యాక తింటాలే

అడవిలో పిట్టలన్నిటికీ తొర్రలు తొలిచిపెట్టే పని ఒక వడ్రంగిపిట్టది. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా దాని ముక్కుకు విరామం ఉండేది కాదు. తొలుస్తుంటే బెరడులోంచి పురుగులు రాలిపడేవి. "పనయ్యాక తింటాలే" అనుకునేది. పనయ్యేసరికి ఆకలే చచ్చిపోయేది.

ఒకనాడు చిలుకకు తొర్ర తొలుస్తుండగా కళ్లు తిరిగి దబ్బున కిందపడింది.

చిలుక కొమ్మ మీంచి తొంగిచూసి, "అయ్యో పాపం! మరి నా తొర్ర ఎప్పటికవుతుంది?" అంది.

వడ్రంగిపిట్టకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "లేచాక చూద్దాం అక్కా" అని ఎండుటాకుల మీదే కళ్లు మూసుకుంది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. చాలా రోజుల తర్వాత దానికి కడుపులో ఆకలి తెలిసింది. పైనుంచి చిలుక పిలుస్తూనే ఉంది. వడ్రంగిపిట్ట ఎగరలేక, మెల్లగా నడుచుకుంటూ చీమలపుట్ట వైపు వెళ్లింది.