దుప్పి కేక

అడవిలో కబుర్లన్నీ నక్క పెంచిన గోరింకలే మోసేవి. కూర్చున్నచోటికే కబురు వస్తుంటే ఎందుకులే అని, గొంతెత్తి పిలుచుకోవడం అందరూ మానేశారు.

ఒక వేసవిలో నక్క వాగుకు అడ్డంగా రాళ్లు పేర్చి నీళ్లన్నీ తనవైపు మళ్లించుకుంది. అది చూసిన దుప్పి, "వాగు దిగువనున్నవాళ్లకు చెప్పిరా" అని గోరింకను అడిగింది.

"నక్కగారు వద్దన్న కబురు మొయ్యం. ఊరుకోకపోతే అవతలి కొండ మీదున్న నీ బిడ్డ కబురు కూడా నీకు చెప్పం."

దుప్పి అవతలి కొండవైపు ఒకసారి చూసింది. అయినా గుట్టెక్కి అరిచింది. ఏళ్లుగా వాడని గొంతు కీచుమంది.

"ఎవరికీ వినపడదులే" అంది గోరింక.

"వినపడేదాకా అరుస్తాను" అంది దుప్పి.

ఎండ వాలేవేళకు లోయలోంచి అడవిపంది బదులు పలికింది. తర్వాత నెమళ్లు పలికాయి. అవతలి కొండ నుంచి సన్నగా బిడ్డ గొంతూ వచ్చింది. ఆ గొంతులన్నీ వాగువైపు కదిలాయి.

"వాళ్ల నోళ్లు మూయించండి" అంది నక్క. ఏ నోరని మూయించాలో గోరింకలకు తోచలేదు.