తెల్ల గీత

తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో ఆవిడ, చేతిలో మూతపెట్టిన ఎర్ర బకెట్టు.

మీవారు పోయారని అక్వేరియం చేపల షాపులో చెప్పారండీ, అంది. తాను ఊరు మారిపోతున్నాననీ, బకెట్టులో ఉన్నదాన్ని అంత దూరం ప్రాణంతో తీసుకుపోలేననీ, ఇది ఈ ఇంట్లో ఉండాల్సిందనీ అంది.

ఈ ఇంట్లోనే ఎందుకని ఇల్లాలు అడగబోతుండగా ఆవిడ చూపు హాల్లోని అక్వేరియం మీద పడింది.

"ఎంత పెరిగిందో," అంది తనలో తాను అనుకున్నట్టు.

ఆ ఒక్క మాట ఇల్లాలికి ఎక్కడో గుచ్చుకుంది.

"ఇంతకుముందు మీరు దీన్నెప్పుడు చూశారు?"

ఆవిడ ఇల్లాలి ముఖంలోకి చూసింది. "ఆయన మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదులెండి."

బకెట్టు అక్కడే పెట్టి మెట్లు దిగిపోయింది. లోపలికి రమ్మని, మంచినీళ్ళు తాగమని ఇల్లాలు అనలేదు.

బకెట్టులో పిడికిలంత పచ్చటి పగడం, మెదడు మడతల్లాంటి మడతలతో. అక్వేరియంలో పళ్ళెమంత వెడల్పున పరుచుకున్నదీ అలాంటిదే.

చూడ్డానికి రాయి. కానీ అది ప్రాణి. తన కింద తానే రాయి కట్టుకుంటూ దాని మీద పల్చటి చర్మంలా బతుకుతుంది. ఆయన పోయాక ఇల్లాలికి మిగిలిన పని అదే. ఉప్పునీళ్ళు కలపడం, నీళ్ళ వేడి చూడడం, సాయంత్రం మడతల అంచుల్లోంచి అది సన్నటి వేళ్ళు చాచగానే రొయ్య తునకలు అందించడం.

ఒకప్పుడు పెద్ద ఆపరేషనై, బతుకు మీద ఆశ వదులుకుని మళ్ళీ ఇల్లు చేరిన రోజున ఆమె మొదట చూసింది దాన్నే. నీలి దీపం కింద నిండుగా విచ్చుకుని ఉంది. నీకోసమే చూస్తోంది, అన్నాడాయన. ఈ మడత వంపు మారిందేమిటని అడిగితే, నువ్వు లేక బెంగతో మెలితిరిగిందన్నాడు.

ఆయన ప్రేమ అనుకున్నప్పుడల్లా ఆమెకి గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

రెండు ముక్కల్ని ఆనించి పెడితే, ఒకే పగడం నుంచి విడిపోయినవైతే కలిసిపోతాయని కూడా ఆయనే చెప్పాడు. వేరువేరైతే ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మధ్యలో తెల్ల గీత మిగులుతుంది. చుట్టరికాలు మనకన్నా వీటికే బాగా తెలుసోయ్, మీ తమ్ముణ్ణి ఓసారి ఇందులో ముంచి చూద్దామా, అని నవ్వేవాడు.

ఇల్లాలు కొత్త ముక్కని తెచ్చి పాతదానికి ఆనించి పెట్టింది. ఎక్కడో ఒకచోట పెట్టాలిగా అని తనకి తానే చెప్పుకుంది.

ఇక కూర్చుంటే నిలవలేదు, నిలుచుంటే కుదురులేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి అక్వేరియం అద్దానికి ముఖం ఆనించేది. పాలు పొంగిపోయేవి. తెల్ల గీత రావాలి. వస్తే ఆవిడ ఎవరో దారినపోయే మనిషి, ఆ మాటకి అర్థం లేదు.

ఫోనులో చెల్లెలికి చెప్పుకుంటే అది ఊరుకోలేదు. "బావ ఉన్నన్నాళ్ళూ నీకు అనుమానించే తీరిక దొరకలేదా అక్కా?" అంది.

నెలలు గడిచినా గీత రాలేదు. రెండు అంచులూ ఉబ్బి, ఒకదాన్నొకటి తాకి, ఒకదాని మడత రెండోదానిలోకి సందులోంచి సందులోకి దారిలా సాగిపోయింది.

అంటే ఇక్కడిదే. ఆయనే తుంచి, ఆయన చేత్తోనే ఆవిడకి ఇచ్చాడు.

ఆయన ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలన్నీ ఒక్కొక్కటీ లేచి వచ్చాయి. ప్రతిదానికీ అప్పట్లో చెప్పిన కారణం ఉంది. ఇప్పుడు ఒక్క కారణమూ నిలబడలేదు.

ఓ మధ్యాహ్నం కూరల కత్తి తీసుకుని, మోచేతిదాకా నీళ్ళలో ముంచి, ఆ ముక్కని పెకిలించింది. బాల్కనీ గోడ మీదకి విసిరేసింది. ఎండకి అది సముద్రం వాసన కొట్టి, తెల్లబడి, ఊరుకుంది.

ఆ తేలిక సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

కత్తి లోతుగా దిగినట్టుంది. పెద్దదానికి గాయమైన చోట గోధుమరంగు జిగురు పట్టింది. జిగురు జరిగిన చోటల్లా కింద ఎముకలాంటి తెలుపు. నీళ్ళు మార్చింది, దీపం తగ్గించింది. తెలుపు ఆగలేదు.

ఫోనులో ఫొటో తీసుకుని చేపల షాపుకి పరిగెత్తింది.

షాపాయన ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు. ఇది నిలవదమ్మా, ఆ బకెట్టావిడ ఇచ్చింది ఉందిగా, దాన్ని కాపాడుకోండి, రెండూ ఒకటే, అన్నాడు.

"అది లేదు," అంది ఇల్లాలు. ఇన్నాళ్ళూ నాలుక చివర ఆడుతున్నది అడిగేసింది. "ఆవిడకీ మావారికీ ఎన్నాళ్ళ పరిచయం?"

"పరిచయమా?"

షాపాయన చేతిలోని వల పక్కన పెట్టాడు. మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారమ్మా, ఇక దాచి ఎవరికి లాభం, అన్నాడు.

"మీరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఇంటి మొహం చూడలేదు. పంపు ఆగిపోయి తొట్టిలో ఒక్క ప్రాణీ మిగల్లేదు. ఫొటో పట్టుకొచ్చి, మా ఆవిడ ఇంటికొచ్చేసరికి ఇది ఉండాలి, ఇది పోయిందంటే తనూ బతకననుకుంటుంది, అని ఈ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. తన తొట్టిలోకి ఉప్పు కొనుక్కోడానికొచ్చి పక్కన నిలబడి ఉంది ఆ బకెట్టావిడ. ఫొటో చూసి, ఇదే రకం మా ఇంట్లో ఉందంది. గోరంత ముక్క తనకి మిగుల్చుకుని, తక్కినదంతా పెకిలించి తెచ్చి తన చేత్తోనే మీ తొట్టిలో పెట్టి వెళ్ళింది."

షాపాయన మళ్ళీ వల అందుకున్నాడు.

"మీవారి పేరు కూడా అడగలేదమ్మా."