ఎముక విరిగితేనే ఫోన్

టైలరు చెమట తుడుచుకుని భార్యకు ఫోన్ చేశాడు. పదిహేడు రోజుల్లో ఇదే మొదటిసారి.

ఆమె ఎముకల వార్డులో నర్సు. చుట్టాలంతా భోజనాల దగ్గర ఉండగా ఈయన నోరు జారాడు. "మేం గుడ్డ కుడతాం, వీళ్లు చుడతారు. దానికో చదువు, దానికో ఉద్యోగం!" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సాయంత్రానికి పెట్టె సర్దుకుని, రెండు వీధుల అవతల అక్కగారింటికి వెళ్లిపోయింది. గుమ్మం దాటుతూ ఒక్క మాట చెప్పింది.

"ఎముక విరిగితే తప్ప నాకు ఫోన్ చెయ్యకండి."

అప్పటినుంచి ఆయన ఈ చేతికీ ఆ చేతికీ పొంతన లేదు. నిన్న ఒక పంట్లానుకి రెండు కాళ్లూ ఎడమవే కత్తిరించాడు.

"ఎవరూ?" అంది ఆమె, ఎవరో తెలిసే.

"నేనే. కాలు విరిగింది."

"మీదా!"

"నాది కాదు. వంటింట్లో బల్బు మారుస్తుంటే ఇద్దరం కింద పడ్డాం. నాకేం కాలేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. వెంటనే గొంతు గట్టిపడింది.

"మరి విరిగిందెవరికి?"

"పేరు చెబితే కాలు అతుక్కుంటుందా? నీకు దణ్ణం పెడతాను, ముందు కట్టు సంగతి చెప్పు."

"విరిగిందని మీకెలా తెలుసు? బెణికి ఉండొచ్చుగా."

"ఫట్‌మని వినబడింది."

"రెండో కాలితో పోల్చి చూడండి. తేడా ఉందా?"

టైలరు మెడలోని టేపు తీశాడు. "రెండంగుళాలు పొట్టి. పక్కకి వంకర కూడా. నిలబెడితే నిలవడం లేదు."

"నిలబెట్టారా! మీకసలు బుద్ధుందా? ఇంక కదపకండి. వంకర ఉంటే ఉండనివ్వండి, సరిచేస్తానని లాగకండి. రక్తం కారుతోందా?"

"చుక్క లేదు."

"కింద ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉందా?"

"చల్లగా ఉంది."

"చల్లగానా? గిల్లితే తెలుస్తోందా?"

టైలరు గిల్లాడు. "ఏమీ అనడం లేదు."

"అమ్మో! మూలగడం కూడా లేదా?"

"ఎంత ఓర్పో చెప్పలేను."

నర్సు గొంతులో కంగారు. కానీ మాట తడబడలేదు. "రెండు గట్టి అట్టలు తీసుకోండి. కాలికి అటొకటి, ఇటొకటి. లోపల మెత్తగా గుడ్డలు పెట్టండి. విరిగినచోటికి పై కీలూ కింద కీలూ దాటి ఉండాలి అట్ట. ముడి మాత్రం విరిగినచోట పడకూడదు."

గుడ్డ పీలికలకు ఆ ఇంట్లో కరువా? సంచీడు కుమ్మరించాడు. చుట్టాడు. ముడి జారింది. మళ్లీ చుట్టాడు. అట్ట గిర్రున తిరిగింది. విప్పాడు.

"ఓర్చుకో, అయిపోయింది" అన్నాడు పక్కకి తిరిగి.

"ఎవరితో అంత ముద్దుగా? ఆడమనిషా?"

"కాలికి ఆడా మగా ఏమిటే!"

అవతల అక్కగారి గొంతు వినబడింది. "స్పీకర్లో పెట్టవే, మేమూ వింటాం." వెనకాల తోడల్లుడి దగ్గు.

"అట్ట నిలవకపోతే మంచి కాలినే ఆసరా చేసుకోండి. రెండు కాళ్లూ కలిపి కట్టెయ్యండి" అంది నర్సు.

"దగ్గరికి రావడం లేదు. ఎడంగానే ఉంటున్నాయి."

"మోకాలి దగ్గర మెల్లిగా పట్టుకుని..."

"మోకాలెక్కడో తెలియడం లేదు."

అవతల ఏదో గుసగుస. ఆ తరవాత వచ్చిన గొంతు మాత్రం తేనెలో ముంచి తీసినట్టుంది.

"అయ్యో పాపం. అంత వాచిందన్నమాట. ఆకలేస్తోందన్నా ఏమీ పెట్టకండి, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు."

"అడగలేదు."

"ఎంత బుద్ధో. కట్టు కింద మీ వేలు దూరుతోందా?"

"ఊహూ."

"అయితే విప్పి మళ్లీ కట్టండి. రక్తం ఆడొద్దూ?"

నాలుగోసారి విప్పాడు. నాలుగోసారి కట్టాడు. వేలు దూరింది, ముడి నిలిచింది, అట్ట కదల్లేదు. తన పని తనకే ముచ్చటేసింది. నేలమీద చతికిలబడ్డాడు.

"ఇది గుడ్డ చుట్టడం కాదే. నా ఇరవై ఏళ్ల అనుభవం ఇక్కడ చిల్లిగవ్వకి పనికిరాలేదు. ఆ రోజు నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. నోటిదూల నాది."

"సరిగ్గా వినబడలేదు. అక్క కూడా వినాలిట."

"నోటిదూల నాది!"

ఆ అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"కదపకుండా ఉంచండి. వస్తున్నా."

ఆమె రావాలనే కదా ఈ తంటా అంతా. తీరా వస్తానంటే కాళ్లూ చేతులూ ఆడలేదు. పీలికలు ఊడ్చాడు. తల దువ్వుకున్నాడు. మళ్లీ దువ్వుకున్నాడు. వచ్చి చూశాక ఏమంటుందో! అటునుంచి అటే వెనక్కి తిరిగితే?

పావుగంటకి వీధి తలుపు చప్పుడైంది. పెట్టెతో సహా వచ్చింది. టైలరు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి వెళ్లే ముందు ఒక్క మాట... కోప్పడనంటే..." అని నసిగాడు.

ఆమె పెట్టె దించి, చేతిసంచిలోంచి సుత్తీ గుప్పెడు మేకులూ తీసి, "ఏదీ, ఆ ముక్కాలిపీట ఇటు బోర్లించి పట్టుకోండి" అంది.