చప్పిడి రొట్టె

గుర్వమ్మ కొంగుముడి విప్పి, చిటికెడు ఉప్పు తీసి అంబలిలో కలిపింది.

"వద్దు బిడ్డా, డాక్టర్ సాబ్ వద్దన్నడు గద!" అన్నాడు దవాఖానలో పక్క మంచం మీది ముసలాయన.

ఆమె ఉలిక్కిపడింది. మెడదాకా గొంగడి కప్పుకొని గోడకు చేరగిలబడిన ఆ మనిషి పేరు అహ్మద్ అలీ అని తప్ప ఆమెకు మరేమీ తెలియదు.

"నీ పని నువ్వు సూస్కో తాతా! చప్పిడి కూడు చచ్చినోళ్లకు పెడతరు, పిట్ట ముట్టేటందుకు. నా పెనిమిటి బతికున్నడు."

బతికే ఉన్నాడు. కానీ నిన్నమొన్నటిదాకా మందను గుట్టలెక్కించిన బీరన్న ఒళ్లంతా ఇప్పుడు నీరు పట్టింది. కళ్లు మూతపడ్డాయి. కాళ్లు మొద్దులయ్యాయి. పడుకుంటే ఊపిరాడదు, రాత్రీ పగలూ కూర్చునే ఉన్నాడు.

డాక్టరు అమరేందర్ హైదరాబాదు నుంచి కొత్తరకం మాత్రలు తెప్పించాడు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు కూడా.

"గుర్వమ్మా, ముందరి గొర్రె ఎటు పోతే మంద అటే పోతది గద! ఒంట్ల నీళ్లకు ఉప్పే ముందరి గొర్రె. ఈ మాత్ర నెత్తురును వడగట్టే గుర్దాలను పట్టి ఉప్పును మూత్రంల బయటికి తోలుతది. నీళ్లు దాని వెంట పోతయి. నువ్వు మళ్ల ఉప్పు పెట్టినవో, మంద తిరిగి దొడ్లకే వస్తది. పథ్యం తప్పితే మాత్రం ఇంటికి తోలిస్త."

ఆమె తల ఊపింది. కానీ జీవాలు నీరసిస్తే ఉప్పు నాకించి నిలబెట్టుకున్న ఇల్లు ఆమెది. వైద్యుని మాట చెవిని తాకింది గానీ మనసును తాకలేదు.

మాత్రలు పడుతున్నా వాపు దిగలేదు.

"గుర్దాలల్ల జరన్న సత్తువ మిగిలుంటేనే మందు పనిచేస్తది. ఇంకొన్నొద్దులు చూస్త" అని డాక్టరు నిట్టూర్చాడు.

గుర్వమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. మల్లన్నకు మొక్కింది. గిన్నె భర్త ముందు పెట్టి బావికి నీళ్లకు పోయే ముందు, పూటపూటా ఇంకొంచెం ఉప్పు కలిపింది.

దైవం కరుణించినట్లే ఉంది; బీరన్నకు మూత్రం ధారాళమైంది. పెట్టిన కుండ పెట్టినట్టే నిండేది. కళ్లు విచ్చుకున్నాయి.

"నా ఉప్పే గెలిచింది సూడు" అని ఆయా యాదమ్మతో రహస్యంగా మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం బావి దగ్గర చేదతాడు తెగి, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

బీరన్న గిన్నె ముసలాయన చేతిలో ఉంది. బీరన్న చేతిలో జొన్నరొట్టె ఉంది.

"ముసలోడా! రోగిష్టోని నోటికాడి బుక్క గుంజుకుంటవా? మోకం సూడు, మా కూడు మరిగి గుమ్మడికాయ లెక్క ఎట్ల బలిసిందో!"

ముసలాయన గిన్నె కింద పెట్టి గొంగడి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"తిట్టకే... ఆయన రొట్టెనే నాకు పడుతాంది" అన్నాడు బీరన్న.

ఆమె రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. చప్పిడి!

"పిట్టకు పెట్టే కూడే ఇది! నీకు పాడె కడుతున్నడు వీడు!"

ఆమె నేల మీద పడి ఏడ్చింది. ఆ కన్నీళ్ల ముందు బీరన్న తల వంచాడు.

నాటినుంచి గుర్వమ్మ ముసలాయనకు వీపు పెట్టి కూర్చుని, అంబలి తన చేతులతోనే తాగించింది.

"బిడ్డా..." అని వెనుక నుంచి ఒకమారు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు.

పోయిన నీరు తిరిగి వచ్చింది. కళ్లు మళ్లీ మూసుకున్నాయి. ఊపిరి ఈల వేసింది.

"గుర్వా, మునుగుతున్ననే..." అంటూ బీరన్న ఆమె చేయి పట్టుకున్నాడు.

డాక్టరు కోసం ఆమె బయటికి పరుగెత్తింది. ముసలాయన మంచం పక్కనున్న కిటికీ కింద మేకలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ నేలను నాకుతున్నాయి. అదిలిస్తే పోయి మళ్లీ అక్కడికే వచ్చాయి.

జీవాలు మట్టినెప్పుడు అట్లా నాకుతాయో కాపరింటి ఆడదానికి ఒకరు చెప్పాలా?

ఆమె వంగి చూసింది. ఎండి పెచ్చులు కట్టిన అంబలి.

ముసలాయన ఒక్క గుక్కయినా తాగలేదు!

కొంగుముడి విప్పి ఉన్న ఉప్పంతా ఆ మేకల ముందే కుమ్మరించింది. డాక్టరు కాళ్ల మీద పడి జరిగింది చెప్పుకుంది. ఆయన కోపాన్ని దిగమింగి, బీరన్నను దవాఖానలోనే ఉండనిచ్చాడు. ఆమె లోపలికి వచ్చేసరికి పక్క మంచం మీద యాదమ్మ ఉతికిన దుప్పటి పరుస్తోంది.

"తాత ఏడి?"

"నిన్ననే పోయిండు. నువ్వు అటు తిరిగి కూసున్నవు."

"ఇంటికా?"

యాదమ్మ దుప్పటి ముడతలు చేత్తో సాపు చేసింది.

ఆ పూటనుంచి గుర్వమ్మ కళ్లు తుడుచుకుంటూ చప్పిడి జొన్నగటకే పెట్టింది. మరునాటికి కుండలో మళ్లీ ధార వినిపించింది.

అదే మధ్యాహ్నం బురఖా వేసుకున్న ఒక పడుచు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెతో బీరన్న మంచం దగ్గరకు వచ్చింది.

"నేను జాహేదాను, అహ్మద్ అలీ బిడ్డను. ఈ అన్నకు రొట్టె ఆపొద్దని అబ్బా చెప్పిపోయిండు."

గుర్వమ్మ ఆ రొట్టెను రెండు చేతులా అందుకొని కళ్లకద్దుకుంది. అడిగింది:

"రొట్టె మాకిచ్చె, మా అంబలి పారబోసె... మరి తాత ఏం తినేటోడు చెల్లే?"

"ఆయన తింటున్నడనే నేను తెస్తుంటి అక్కా" అంది జాహేదా. "అబ్బాది గూడ గిదే బీమారి; మాత్ర ఆయన గుర్దాల మీదనే పనిచేయలే."